ఊరి జట్టుకు అభిమాని ఎలా తయారవుతాడు?

దూరపు కొండలు నునుపు అని సామెత. ఈ కాలపు ఫుట్‌బాల్ అభిమానానికి ఈ సామెత అతికినట్టు సరిపోతుంది. మన హాస్టళ్లలో ఏ గది తలుపు తట్టినా మెస్సీ పేరు తెలియని విద్యార్థి దొరకడు. స్పెయిన్ దేశపు బార్సిలోనా జట్టులో ఎవరు ఏ చోట ఆడతారో, ఇంగ్లండు లీగులో ఎవరికెన్ని పాయింట్లున్నాయో గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పే పిల్లలు మా కోసిగి నుంచి, కౌతాళం నుంచి, ఎమ్మిగనూరు నుంచి వచ్చినవాళ్లలో కూడా ఉన్నారు. అలాంటి వాణ్ణే ఆపి, "ఏమప్పా, మన దేశం ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీ ఫైనల్ దాకా పోయినప్పుడు కోచ్ ఎవరు?" అని అడగండి. "అట్లా పోయినామా అన్నా?" అని మననే ఎదురు అడుగుతాడు.

పోయినాము. 1956లో, మెల్బోర్న్‌లో. ఆ కోచ్ హైదరాబాదులో ఒక స్కూలు మాస్టరు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

పిల్లవాణ్ణి తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. వాడికి దూరపు జట్టు కనబడింది, దగ్గరి జట్టు కనబడలేదు, అంతే. కనబడనిదాన్ని ఎవడు మాత్రం ప్రేమిస్తాడు? కాబట్టి అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆటంటే ఏమీ తెలియని ఒక సామాన్యుడు, ఒక గుమాస్తానో, కూలివాడో, కాలేజీ కుర్రవాడో, తన ఊరి ఫుట్‌బాల్ జట్టుకు ప్రాణం పెట్టే అభిమానిగా ఎలా మారతాడు? ఇది ఊరికే జరిగే పని కాదు. దీనికొక క్రమం ఉంది. ఆ క్రమం ఒకప్పుడు మన హైదరాబాదులో నడిచింది; తర్వాత తెగిపోయింది; ఈ మధ్యకాలంలో మళ్లీ మొలకెత్తి, మళ్లీ దెబ్బ తిన్నది. ఆ కథ తెలిస్తే మన సీమలో ఏమి చేయవచ్చో కూడా తెలుస్తుంది.

అభిమానం అనే మాట

తెలుగువాళ్లకు అభిమాని అంటే ఎవరో విడమరచి చెప్పనక్కరలేదు. సినిమా విడుదలైన రోజు తెల్లవారుజామున థియేటరు ముందర కాగితం ముక్కలు చల్లేవాడు అభిమాని. అయితే సినిమా అభిమానికి, ఊరి జట్టు అభిమానికి ఒక పెద్ద తేడా ఉంది. సినిమాలో హీరో ఓడిపోడు. ఓడినట్టు కనబడినా ఆఖరి రీలులో గెలుస్తాడని టికెట్టు కొన్నప్పుడే తెలుసు. ఊరి జట్టుకు ఆ భరోసా లేదు. తొంభై నిమిషాలు గొంతు చించుకుని అరిచి, చివరి నిమిషంలో గోలు తిని, తల వంచుకుని ఇంటికి పోవలసి రావచ్చు. అయినా మరుసటి వారం మళ్లీ వెళ్తాడు.

అభిమానం అనే మాటకు మన భాషలో ప్రేమ అనే అర్థం ఉంది, ఆత్మగౌరవం అనే అర్థమూ ఉంది. "వాడు అభిమానం గలవాడప్పా" అంటే పౌరుషం గలవాడని. ఊరి జట్టు విషయంలో ఈ రెండు అర్థాలూ కలిసిపోతాయి. జట్టును ప్రేమిస్తున్నాడా, తన ఊరినే ప్రేమించుకుంటున్నాడా అని వేరు చేసి చెప్పలేము. బార్సిలోనా ఓడిపోతే కోసిగి కుర్రవాడికి బాధ కలుగుతుంది, నిజమే. అయితే బార్సిలోనా ఓడిందని కోసిగివాణ్ణి ఎవరూ ఎగతాళి చేయరు. ఊరి జట్టు ఓడితే పక్క ఊరివాడు సంతలో కనబడి నవ్వుతాడు. ఆ నవ్వే అభిమానానికి ఎరువు.

మొదటి మెట్టు: కంటికి దగ్గర

1950 ప్రాంతంలో హైదరాబాదులో గొప్ప ఫుట్‌బాల్ జట్టు ఏది అంటే హైదరాబాద్ సిటీ పోలీస్. ఈ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేండ్లు గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యురాండ్ కప్ కూడా తెచ్చింది. అదే సంవత్సరం ఆ జట్టు బాధ్యత తీసుకున్న రహీం, 1909లో హైదరాబాదులో పుట్టినవాడు, ఉస్మానియాలో చదివినవాడు, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. రహీం సాబ్ అనే పేరుతోనే ఆయనను అందరూ ఎరుగుదురు.

ఈ జట్టు పేరులోనే రహస్యం ఉంది. ఆడేవాళ్లు పోలీసు శాఖలో ఉద్యోగులు. అంటే నగరంలో తిరిగేవాళ్లు, హోటల్లో చాయ్ తాగేవాళ్లు, మన వీధిలోనే కాపురం ఉండేవాళ్లు. అదే మనిషి బొంబాయిలో కప్పు గెలుస్తాడు, మెల్బోర్న్‌లో దేశం తరఫున ఆడతాడు, తిరిగొచ్చి మళ్లీ అదే వీధిలో నడుస్తాడు. 1956 ఒలింపిక్స్‌కు పోయిన భారత జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటివాళ్లు హైదరాబాదు మైదానాలలో తయారైనవాళ్లే. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, సెమీ ఫైనల్లో యుగోస్లావియా చేతిలో 4-1తో ఓడి, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. అంతకు నాలుగేండ్ల ముందు, 1952 హెల్సింకీలో, అదే యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తు చేసింది. అప్పుడు మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. నాలుగేండ్లలో ఎంత దూరం వచ్చారో ఈ రెండు అంకెలే చెబుతాయి.

రహీం సాబ్ పద్ధతులు కూడా సామాన్యుడికి అర్థమయ్యేవే. ఎక్కువ మంది ఆటగాళ్లకు ఒక కాలే బాగా పలుకుతుంది. అందుకని ఆయన బలహీనమైన కాలితోనే బంతి తన్నాలి అని నిబంధన పెట్టి పోటీలు జరిపించేవాడు. ఒంటరిగా బంతిని తిప్పుకుంటూ పోవడం నిషేధించి, అందించి పరుగెత్తే పోటీలు జరిపించేవాడు. గట్టు మీద నిలబడి చూసేవాడికి కూడా దీనివల్ల ఆట లోపలి సంగతి తెలిసొచ్చేది. "ఎందుకు అందించలేదు వాడు?" అని అడగడం నేర్చుకున్న ప్రేక్షకుడు సగం అభిమాని అయినట్టే. గోలు మాత్రమే చూసేవాడు వచ్చి పోతాడు. పాసు చూడడం వచ్చినవాడు ఉండిపోతాడు.

కాబట్టి మొదటి మెట్టు ఇది: జట్టు కంటికి ఆనాలి. టెలివిజన్‌లో కనబడడం వేరు. గీత పక్కన నిలబడితే బంతి తగిలిన చప్పుడు వినబడుతుంది, ఆటగాడి ఆయాసం వినబడుతుంది, గోల్‌కీపరు తన బ్యాకును తిట్టే తిట్టు కూడా వినబడుతుంది. ఆ చప్పుళ్లకు చెవి అలవాటు పడినవాడికి టీవీలో చూసే ఆట ఉప్పు లేని సంగటి లాగా తోస్తుంది.

రెండవ మెట్టు: ఒక మనిషి

ఎవరూ మొదటే పదకొండు మందినీ ప్రేమించరు. ఎవరో ఒకరు మనసుకు పడతారు. ఆ ఒక్కడి కోసం వెళ్లి వెళ్లి, మిగిలిన పదిమందినీ తెలుసుకుంటారు.

తులసీదాస్ బలరాంను తీసుకోండి. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేదింటి పిల్లవాడు. నగరానికి వచ్చి ప్రాక్టీసు చేయడానికి దారి ఖర్చులు లేకపోతే, రహీం సాబ్ సైకిలు అద్దెకు డబ్బులిచ్చి పిలిపించుకున్నాడని చెబుతారు. ఆ సైకిలు ఎంత దూరం తీసుకుపోయిందో చూడండి. 1956లో మెల్బోర్న్. 1960లో రోమ్ ఒలింపిక్స్; అక్కడ బలరాం హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు వేశాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడలు. దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మన దేశం బంగారు పతకం గెలిచింది. ఆ జట్టులో బలరాంతోపాటు హైదరాబాదు వాడైన యూసుఫ్ ఖాన్, గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ ఉన్నారు. అప్పటికే జబ్బుపడి ఉన్న రహీం సాబ్ 1963 జూన్‌లో క్యాన్సర్‌తో చనిపోయాడు. బలరాం కూడా అనారోగ్యం వల్ల ముప్ఫై ఏండ్లు నిండకముందే పెద్ద ఆట నుంచి తప్పుకున్నాడు.

ఇక్కడ గమనించవలసింది మరొకటి. బలరాం 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు ఆడాడు, 1961లో ఆ జట్టుకు నాయకుడయ్యాడు. తర్వాతి జీవితమంతా ఆ చుట్టుపక్కలనే, ఉత్తరపాడాలో గడిపి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. అమ్ముగూడ పిల్లవాణ్ణి బెంగాలీలు తమవాడిగా చేసుకున్నారు. తర్వాతి తరంలో నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా అదే దారి పట్టారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నయీముద్దీన్ కెప్టెన్. 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యువజన పోటీల విజేతగా నిలిచిన జట్టుకు షబ్బీర్ అలీ కెప్టెన్. మన నేల మీద మొలిచిన మొక్కలను మరో నగరం పెంచింది. ఎందుకు? అక్కడ ప్రతి వారం చూడడానికి వచ్చే జనం ఉన్నారు గనుక.

మూడవ మెట్టు: అలవాటు

ఆ జనం ఎలా తయారయ్యారు? ఈస్ట్ బెంగాల్ క్లబ్బు 1920లో పుట్టింది. తూర్పు బెంగాలు నుంచి బతుకుతెరువుకు కలకత్తా వచ్చినవాళ్లు దాన్ని తమదనుకున్నారు. 1947లో దేశం చీలినప్పుడు ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన లక్షలాది శరణార్థులకు ఆ ఎరుపు, పసుపు రంగుల చొక్కాయే ఊరు అయింది. పోయిన ఊరు ఎలాగూ తిరిగి రాదు. వారం వారం మైదానానికి పోతే అదే యాస మాట్లాడేవాళ్లు పదివేలమంది ఒకచోట కనబడతారు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ రోజు ఇలిశ చేప (మన గోదావరి వాళ్ల పులస), మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య వండుకోవడం అక్కడ ఆచారమైపోయింది. వంటింటిదాకా వచ్చిన ఆట ఇక పోదు.

ఈ మాట మా కోసిగి వాళ్లకు సూటిగా తగులుతుంది. వానలు ముఖం చాటేస్తే మా పల్లెలు ఖాళీ అవుతాయి. పిల్లాజెల్లాతో, మూటాముల్లెతో గుంటూరు మిరప చేలకు, బెంగుళూరు కట్టడాలకు పోతారు. వలసపోయిన మనిషికి ఊరి పేరు తలచుకోవడానికి ఏదో ఒక ఆసరా కావాలి. మాకు శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి ఉన్నాడు. ఎంత దూరం పోయినవాళ్లయినా ఆ నెలలో వీలు చూసుకుని దర్శనానికి వస్తారు. ఏడాదికొకసారి తప్పకుండా వచ్చే తేదీకి అంతటి శక్తి ఉంది. ఊరి జట్టు కూడా అలాంటి తేదీలు ఇస్తుంది. ఏడాదికొకటి కాదు, వారానికొకటి.

అలవాటుకు మూడు కావాలి: ఒకే రోజు, ఒకే జాగా, ఒకే జనం. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు ఆట ఉంటుందని తెలిస్తే మొదటి వారం పని లేనివాడు వస్తాడు. రెండవ వారం వాడి స్నేహితుడు వస్తాడు. నాలుగు వారాలయ్యేసరికి ఫలానా వేపచెట్టు కింద నా జాగా అంటాడు. ఆ జాగాలో వేరేవాడు కూర్చుంటే కోపం వస్తుంది. ఆ కోపం వచ్చిన రోజు వాడు అభిమాని అయినాడని లెక్క.

నాలుగవ మెట్టు: ఓటమి

వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, గెలుపు కంటే ఓటమే అభిమానిని గట్టిపరుస్తుంది. గెలిచిన రోజున అందరూ మనవాళ్లే. ఓడిన రోజున మిగిలినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అప్పటినుంచి ఒకరికొకరు గుర్తుంటారు.

దీనికి మన దగ్గరి ఉదాహరణ ఉంది. చాలా ఏండ్లు నిద్రపోయిన హైదరాబాదు ఫుట్‌బాల్‌కు 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు వచ్చింది. ఇండియన్ సూపర్ లీగులో ఆడింది. గచ్చిబౌలి స్టేడియం దాని ఇల్లు. మొదటి ఏడాది పది జట్లలో పదో స్థానం. అయినా ఆ మొదటి ఏడాదిలోనే డెక్కన్ లీజియన్ అనే అభిమానుల బృందం ఏర్పడి, డప్పులు పట్టుకుని, పసుపు చొక్కాయిలు తొడుక్కుని ప్రతి ఆటకూ వచ్చింది. వాళ్లలో పెద్ద పెద్ద వాళ్లెవరూ లేరు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, చదువుకునేవాళ్లు.

తర్వాత కోవిడ్ వచ్చింది. 2020-21, 2021-22 సీజన్ల ఆటలన్నీ గోవాలోనే, ఖాళీ స్టేడియాలలో జరిగాయి. ఆ రెండవ సీజన్లో హైదరాబాద్ జట్టు ఫైనల్‌కు చేరింది. 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఆట. ఆ ఫైనల్‌కు జనాన్ని అనుమతించారు. స్టేడియమంతా కేరళ వాళ్లే నిండిపోయారు. 68వ నిమిషంలో కేరళ గోలు వేసింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన దెబ్బతో స్కోరు సమం. పెనాల్టీలలో గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ 3-1తో గెలిచి ఛాంపియన్ అయింది. చిత్రమేమంటే, ఛాంపియన్ అయిన ఆ ఏడాది సొంత ఊళ్లో ఒక్క ఆట కూడా ఆడలేదు. గచ్చిబౌలి గ్యాలరీలో అభిమానులు కళ్లారా చూసింది పదో స్థానాన్ని! అయినా వాళ్లు చెదిరిపోలేదు.

జట్టు ఎవరిది?

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వచ్చాము. గెలిచిన రెండేండ్లకే ఆ జట్టు అప్పుల్లో పడింది. ఆటగాళ్లకు జీతాలు అందక చాలామంది వెళ్లిపోయారు. 2023-24లో కుర్రవాళ్లతో ఆడి పట్టికలో అట్టడుగున నిలిచింది. తర్వాత యజమానులు మారారు. 2025 అక్టోబరులో జట్టును ఢిల్లీకి తరలించి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు కూడా మార్చేశారు.

ఆరేండ్లు డప్పు కొట్టిన అభిమాని సంగతి ఏమిటి? కాగితాల మీద అతడికి ఏ హక్కూ లేదు. జట్టు అంటే ఒక కంపెనీ, దానికొక లైసెన్సు. కంపెనీ ఎక్కడికైనా పోవచ్చు. అభిమాని చేసిన తప్పేమీ లేదు; అతడు ప్రేమించింది ఊరిని, యజమాని కొన్నది లైసెన్సును. ఈ రెండూ ఒకటే అనుకున్నంత కాలం ఇబ్బంది లేదు. విడిపోయిన రోజున తేడా తెలిసింది.

ఈ కష్టం ఇంగ్లండులోనూ వచ్చింది. లండనులోని వింబుల్డన్ జట్టు 1988లో లివర్‌పూల్‌ను ఓడించి ఎఫ్.ఏ. కప్ గెలిచిన జట్టు. దాన్ని అక్కడికి ఎంతో దూరాన ఉన్న మిల్టన్ కీన్స్ అనే ఊరికి తరలించుకోవచ్చునని 2002 మే నెలలో అనుమతి వచ్చింది. అభిమానులు ఏమి చేశారు? కొన్ని వారాలలోనే ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అని కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. ఆటగాళ్ల కోసం ఊరి పోరంబోకు మైదానంలో, వచ్చినవాళ్లందరికీ పరీక్ష పెట్టి ఎంపిక చేసుకున్నారు. ఇంగ్లండు లీగుల నిచ్చెనలో తొమ్మిదవ మెట్టు నుంచి మొదలుపెట్టి, తొమ్మిదేండ్లలో, 2011 నాటికి, ఫుట్‌బాల్ లీగులోకి ఎక్కారు. 2020లో పాత పేట ప్లౌ లేన్‌లోనే కొత్త స్టేడియం కట్టుకుని తిరిగి వచ్చారు. క్లబ్బు అభిమానుల ట్రస్టు చేతిలో ఉంది. జర్మనీలో ఇంకో పద్ధతి. అక్కడ 1998 నుంచి, కొద్దిపాటి మినహాయింపులతో, క్లబ్బు ఓట్లలో సగానికి మించి సభ్యుల చేతిలోనే ఉండాలని నిబంధన. డబ్బు పెట్టేవాడు పెట్టవచ్చు గానీ జట్టును మూట గట్టుకుని పోలేడు.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ ఇలాంటి గతే, వేరే రూపంలో పట్టింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచేదాకా ఆ వెలుగు నిలిచింది. ఆ తర్వాత శాఖల ఉద్యోగాలు తగ్గాయి, లీగు సన్నగిల్లింది, 1983లో క్రికెట్ ప్రపంచ కప్ వచ్చాక పిల్లల మనసు అటు తిరిగింది. ఆట అంతా ఉద్యోగం మీద ఆధారపడినందువల్ల ఉద్యోగం పోయేసరికి ఆటా పోయింది. పైవాడి దయ మీద నిలిచిన జట్టు పోలీసు శాఖదైనా ఒకటే, కంపెనీదైనా ఒకటే.

హద్దు మీరకూడదు

అభిమానాన్ని పొగుడుతున్నాను గదా అని దాని రెండవ ముఖాన్ని దాచకూడదు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆట నడుస్తుండగా గ్యాలరీలో గొడవ చెలరేగి, తొక్కిసలాటలో పదహారు మంది చనిపోయారు. ఆట చూడడానికి ఇంట్లో చెప్పి వచ్చినవాళ్లు తిరిగి పోలేదు. ఆ తేదీని అక్కడ ఫుట్‌బాల్ ప్రియుల దినంగా, రక్తదానం చేస్తూ జరుపుతారు. ఫ్యాక్షన్ల పేరు మోసిన సీమ మనది. ఈ సంగతి మనకు ఇతరులకంటే ఎక్కువగా గుర్తుండాలి. పక్క ఊరివాడు నవ్వితే మళ్లీ ఆదివారం గోలుతో జవాబు చెప్పాలి గానీ చేతితో కాదు. నిజానికి ఆటలో ఉన్న గొప్ప మేలు ఇదే: తగవు తొంభై నిమిషాలలో ముగుస్తుంది, రిఫరీ ఈల వేస్తే ఇద్దరూ చేతులు కలపాలి.

మన సీమలో

ఫుట్‌బాల్ మన ఎండకు, మన పేదరికానికి పనికిరాదనేవాళ్లు ఒకసారి అనంతపురం చూసి రావాలి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు, అందరూ ఆర్.డి.టి. అని పిలిచేది, అక్కడ క్రీడా గ్రామం కట్టి, ఫుట్‌బాల్ అకాడమీ నడిపి, పల్లె పిల్లల జట్లతో లీగు జరిపింది. స్పెయిన్ లీగు వాళ్లు కూడా దానికి తోడ్పడ్డారు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాలలో ఒకటైన చోట మగపిల్లలు, ఆడపిల్లలు బూట్లు కట్టుకుని మైదానంలో దిగారు. ఆడపిల్ల ఆడుతుంటే చూడడానికి తల్లిదండ్రులు వస్తారు. తల్లి వచ్చిందంటే ఆ ఇంట్లో ఆట స్థిరపడినట్టే.

కోసిగిలో ఏమి కావాలి? లెక్క వేసి చూద్దాం. మైదానం పొడవు 90 నుంచి 120 మీటర్లు, వెడల్పు 45 నుంచి 90 మీటర్లు ఉండవచ్చునని నిబంధన. అంటే చిన్న మైదానమైనా చెల్లుతుంది. గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. వెదురు గడలతో కూడా నిలబెట్టవచ్చు. బంతి ఒకటి. క్రికెట్‌కు వలె బ్యాట్లు, ప్యాడ్లు అక్కరలేదు. నల్లరేగడి వానకు జారుతుంది, బూట్లకు అంటుకుంటుంది కాబట్టి కొండ పక్కన గరుసు నేల చూసుకోవాలి. ఎండ వంచిన తర్వాత మొదలుపెడితే రెండు గంటలలోపు ఆట ముగిసి, దీపాలు పెట్టే వేళకు ఇంటికి పోవచ్చు.

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఎమ్మిగనూరు, ఆదోని: ఆరు ఊళ్లు, ఆరు జట్లు అనుకోండి. ప్రతి జట్టు మిగిలిన ఐదింటితో ఇక్కడొకసారి, అక్కడొకసారి ఆడితే మొత్తం ముప్ఫై ఆటలు. ఆదివారానికి మూడు చొప్పున పది ఆదివారాలు. ప్రతి ఊరికీ ఐదు ఆటలు సొంత గడ్డ మీద దక్కుతాయి. వలసలు మొదలుకాకముందు, జనం ఊళ్లో ఉండే నెలలు చూసి ఆ పది వారాలు పెట్టుకోవాలి. మొదటి రెండు జట్లకు ఆఖరి పోటీ ఉగాదికి, వలసపోయినవాళ్లు తిరిగొచ్చే వారంలో పెట్టుకోవాలి. అప్పుడు గుంటూరు మిరప చేలో ఉన్నవాడు కూడా "మన టీము ఎట్లాడిందిరా?" అని ఫోన్ చేసి అడుగుతాడు. ఇంటికి రావడానికి వాడికి ఇంకొక కారణం దొరుకుతుంది.

ఒక్క షరతు. జట్టు ఏ ఒక్క దాతదీ, ఏ ఒక్క నాయకుడిదీ కాకూడదు. ఊరివాళ్లు తలా ఇరవై రూపాయలు వేసుకుని సభ్యులు కావాలి. ఖర్చు వెచ్చాలు గోడ మీద రాసి పెట్టాలి. దాత ఇస్తే దండం పెట్టి తీసుకోవాలి. ఓటు మాత్రం సభ్యులదే. గచ్చిబౌలి నేర్పిన పాఠం ఇది. వింబుల్డన్ వాళ్లు తొమ్మిదో మెట్టు నుంచి మొదలుపెట్టారు, మనము మొదలుపెట్టేది ఏ మెట్టూ లేని చోటు నుంచి. అయితే మాత్రమేమి, కింద పడే భయం లేదు.

విద్యార్థి మిత్రులారా, మన కళాశాలలో ఫుట్‌బాల్ ఆడే కుర్రవాళ్లు ఉన్నారు. సెలవులకు ఊళ్లకు పోయినప్పుడు వాళ్లలో ఒక్కొక్కరు పదిమంది చిన్నపిల్లలకు రెండవ కాలితో తన్నడం నేర్పితే చాలు. రహీం సాబ్ మొదలుపెట్టింది అక్కడినుంచే. ఆడడం రానివాళ్లకూ పని ఉంది. సున్నంతో గీతలు గీయాలి, బిందెలతో నీళ్లు మోయాలి, ఈల వేసే మనిషి కావాలి, గోడ మీద పాయింట్ల పట్టిక రాసే మనిషి కావాలి. ఇవేవీ చేతకాకపోతే గీత పక్కన నిలబడి చూడండి. వచ్చే వారం మళ్లీ రండి. మెస్సీ ఆట రాత్రికి ఎలాగూ చూడవచ్చు. దానికి సాయంత్రం నాలుగున్నరతో పోటీ లేదు.